పైడిరాజుకు వెక్కిళ్ళు

ఊర్మిళ పైడిరాజు మెడ వెనకనున్న సమపాలకాన్ని విప్పి, తన బల్ల మీది పలకకు తగిలించింది. ఇక ఈ పూటకు అతని ఊపిరి ఆమె చేతిలో ఉన్నట్టే. శరీరధర్మశాస్త్రం ఆఖరి ప్రాక్టికల్స్ అవి. పలక మీది మీటలతోనే తోటి విద్యార్థి శ్వాసగీతను తిన్నగా నడపాలి. గీత ఒకసారి చెదిరితే గోడలోని పరీక్ష యంత్రం క్షమిస్తుంది, రెండోసారి చెదిరితే డిగ్రీ గల్లంతే. ఊర్మిళకు నిరుడు అలాగే పోయింది. ఈసారీ పోతే మళ్ళీ కూర్చోనివ్వరు.

ఒంట్లో ఏ తేడా వచ్చినా ఇట్టే సర్దేసే సమపాలకాన్ని పుట్టగానే మెడకు తగిలించే కాలం అది. ఆయాసం, తుమ్ము, చెమట ఎలా ఉంటాయో పుస్తకాల్లో చదువుకోవలసిందే. ఆ చదువంటే ఊర్మిళకు పిచ్చి. హాస్టల్లో అందరూ పాటలు పాడుకుంటుంటే ఈవిడగారు తుమ్ము ప్రకరణం పైకి చదివి పడీపడీ నవ్వేది.

సగం పరీక్ష సాఫీగా గడిచింది. అంతలో పైడిరాజు పొట్ట ఉలిక్కిపడింది.

"హిక్! ఒలే ఊర్మిళా, నాకేటవుతందే?"

పలక మీద ఎర్రదీపం వెలిగింది. సవరణ మీట నొక్కితే చాలు, రెండోది రాదు. ఊర్మిళ వేలు మీట దాకా వెళ్ళి ఆగిపోయింది. ఊపిరితిత్తుల కింది ఉదరవితానం ఎగిరిపడటం, వెంటనే గొంతు టక్కున మూసుకోవడం. మూడేళ్ళుగా బొమ్మల్లో చూసినది ఎదురుగా కూర్చుని బిత్తరచూపులు చూస్తోంది.

"పొద్దున్న ఏం తిన్నావురా?"

"మిరపకాయ బజ్జీలు. ఆకలేసి గబగబా... హిక్!"

ఊర్మిళ వేలు వెనక్కి తీసుకుంది. "భయపడకురా! ఇవి వెక్కిళ్ళు! అచ్చమైన వెక్కిళ్ళు!" సంతోషం పట్టలేక గట్టిగా అరిచేసింది.

పలక మీద 'అనుత్తీర్ణం' అని పడింది. అయినా మీట ముట్టుకోలేదు. పరీక్షకురాలు సోమిదేవి మేడం గబగబా వచ్చారు.

"ఎందుకు నొక్కలేదు?"

"నొక్కితే పోతాయి కదండీ."

మేడం వంగి, పైడిరాజు పొట్ట మీద అరచెయ్యి ఆనించారు. హిక్! చెయ్యి ఎగిరింది. ఆవిడ మొహం చిన్నపిల్ల మొహమైపోయింది. తల నెరిసేదాకా వెక్కిళ్ళ పాఠం చెప్పిన మనిషి, వెక్కిలిని చూడటం ఇవాళే.

"యంత్రం నిన్ను పరీక్షలో తప్పించేసింది. మౌఖికం మాత్రం నా చేతిలోనే ఉందమ్మా. ఒక్కటే ప్రశ్న. సరిగ్గా చెబితే డిగ్రీ నీది."

"వీటిని ఎలా ఆపాలనా అండీ?"

"ఆపడం యంత్రానికి వచ్చులే. నాకెలా తెప్పిస్తావో చెప్పు."

ఊర్మిళకు నవ్వూ కన్నీళ్ళూ ఒక్కసారే వచ్చాయి. "ముందు ఇది తియ్యాలండీ" అంటూ మేడం జుట్టుముడి పైకెత్తి సమపాలకం విప్పేసింది. "సవరించాలా? సవరించాలా?" అని గోడలోంచి యంత్రం మొత్తుకుంటుంటే, వెనక బెంచీల వాళ్ళతో సహా విద్యార్థులంతా మెడలు వంచుకుని ఊర్మిళ ముందు వరుస కట్టారు.