చాందినీ రెండో కొస

ముప్పయ్యేడో రోజును నలభై ఒకటో రోజని చెప్పింది కమలాబాయి. జరిగిన తప్పు అదొక్కటే. మిగతాదంతా ఆ అబద్ధం వెంట నడిచి వచ్చింది.

అబద్ధం చెప్పడానికి పెద్ద కారణం కూడా లేదు. అలిసిపోయింది. అంతే.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు అది. జాగీర్లు పోయాయి. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా జాగీర్దార్లు కట్టుకున్న పెద్ద ఇళ్ళు, దేవిడీలు, ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. ఇల్లు వదిలి పోయేవాళ్ళు ముందుగా వదిలించుకునేవి పాత బట్టలూ, పాత సామానూ. తివాచీలు, కిటికీ పరదాలు, జరీ అంచు దిండు గలీబులు, కాళ్ళు ఊగే మంచాలు. వాటిని కొని, దులిపి, చిరుగులు కుట్టించి బొల్లారం బంగళాల వాళ్ళకూ నాటక కంపెనీల వాళ్ళకూ అమ్మడం కమలాబాయి పని. పదకొండేళ్ళ నుంచి చేస్తోంది. మొదట్లో ఒక పాత పరదా మడత విప్పుతుంటే గుండె కొట్టుకునేది, లోపల ఏ రంగు దాక్కుని ఉందోనని. ఈ ఏడు ఆ సంబరం పోయింది. ఏ ఇంట్లో అడుగు పెట్టినా అద్దాలు తీసేసిన చోట గోడ మీద తెల్లటి చదరాలే కనిపిస్తున్నాయి. పొద్దున ఎవరింట్లో ఏం కొన్నదో సాయంత్రానికి గుర్తుండటం లేదు.

ఆమెతో పాటు హజీరా వచ్చేది. మచ్చ బొల్లారంలో పక్కపక్క ఇళ్ళు. హజీరా యాభై దాటిన మనిషి, కమలాబాయికి ఆపా, అంటే అక్క. జనానాలోకి పోయి బేగంలతో బేరం చేయడం ఆమె వంతు. మడతలు మాత్రం ఇద్దరి వంతు. తివాచీ మీద పరిచే పెద్ద తెల్లగుడ్డను, చాందినీని, ఒక్కరు మడవలేరు. చెరో కొస పట్టుకుని దూరంగా నిలబడాలి. అంచుకు అంచు కలిపి, గట్టిగా గుంజి ముడతలు తీయాలి. చివరికి ఎదురెదురుగా నడిచి కొసలు ఒకరి చేతిలో పెట్టాలి. హజీరా కుడి బొటనవేలు ఎప్పుడో తిరగలి కింద నలిగిపోయింది. ఆమె గుంజితే గుడ్డ కదిలినట్టే ఉండేది కాదు.

"గట్టిగ గుంజు ఆపా. పిల్లి గుంజినట్టు గుంజుతవేంది?"

"అయితే పిల్లినే తెచ్చుకో. దానికి బండిల జాగ గూడ అక్కెర లేదు."

రోజూ ఉండే మాటలే.

హజీరాకు రెండు పట్టింపులు ఉండేవి. చావు జరిగిన ఇంట్లో ఆడవాళ్ళు కూర్చుని ఏడ్చిన చాందినీని, నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థన కానిదే మడవకూడదు. ఇది మొదటిది. "అంతదాక గా గుడ్డ పోయిన మనిషిదే. ఆమె ఇంక దాని మీద కూసునే ఉంటది" అనేది. రెండోది, తనతో అబద్ధం ఆడకూడదు. "ఆడిన నాడు నీ బండి ఎక్క కమలా. చెప్పి పెడుతున్న." అందుకే చావు జరిగిన ఏ ఇంటికి పోయినా ముందు ఒక మాట అడిగేది. కమలాబాయితో ఎప్పుడూ తెలుగే మాట్లాడే మనిషి, ఈ ఒక్కటీ తన ఇంటి భాషలో అడిగేది.

"కిత్తే దినాం హుయే?" ఎన్ని రోజులైంది?

ఆ సోమవారం నాడు శామీర్‌పేట చెరువు వెనక దేవిడీకి పోయారు. ఇంటాయన జలాల్, నలభై ఏళ్ళవాడు. శుక్రవారం తాళాలు ఇల్లు కొన్నవాళ్ళకు ఇచ్చేసి భార్యతో పట్నం పోతాడు. వాళ్ళమ్మ అజ్మతున్నీసా పోయి ముప్పయ్యేడు రోజులు. ఆ లెక్క అతనే కమలాబాయికి చెప్పాడు, వాకిట్లో.

"అన్ని తీస్కపోండ్రి అమ్మా. హాల్ల పరిచి ఉన్న చాందినీ ఒక్కటి ఉంచుండ్రి. బేస్తారం నాడు నలభయ్యోది. ఫాతెహా అయినంక వచ్చి తీస్కపోదురు." నవ్వాడు. "అమ్మీకి గా చాందినీ అంటే పానం. మాపటికి తనే ఒక కొస పట్టి మడిచేది. ఆమె గుంజితే నౌకరాన్లు బోర్ల పడేటోళ్ళు."

నవ్వు ఆపి, మొహం తుడుచుకుని, ఊళ్ళో ఎవరికో చెప్పి రావాలని వెళ్ళిపోయాడు.

కమలాబాయి బండి వైపు చూసింది. చక్రాలకు ఇరుసు దాకా బురద. చెరువు మీద మబ్బు దిగుతోంది. బండి తోలే శంకరయ్య అరుగు మీద నుంచి కేకేశాడు.

"జల్దీ కానియ్యి కమలమ్మా! గీ తొవ్వల నన్ను ఎద్దులు గూడ తిడుతున్నయి!"

గురువారం అంటే మూడు రోజుల్లో మళ్ళీ ఈ దారి. మళ్ళీ ఈ కుదుపులు. ఆ ఒక్క ఆలోచనకే ఆమెకు నడుము నొప్పి పుట్టింది.

లోపల హజీరా పరదాలు మూట కడుతోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"కిత్తే దినాం హుయే?"

"నలభై ఒకటి" అంది కమలాబాయి.

హజీరా ఒక్క క్షణం మూట మీద చేతులు ఆపింది. "సరే. నమాజు చేసుకొని వస్త. చాందినీ అప్పుడు మడుద్దాం. నువ్వొక్కదానివే మొదలు పెట్టకు, మట్టి అంటుతది." పక్క గదిలోకి పోయింది.

హాలు పొడుగాటిది. రెండు చివరలా తలుపులు. కిటికీల చెక్కలన్నీ మూసి ఉన్నాయి. కమలాబాయి నిలబడ్డ వైపు తలుపు తెరిచి ఉండటంతో ఇటు కొంచెం వెలుతురు. అటు చివర మసక. ఆ మసకలోకి పోయి కలిసిపోతూ చాందినీ తెల్లగా పరుచుకుని ఉంది. పదహారు మూరల పొడుగు. ఇంత మంచి గుడ్డ ఈ మధ్య కంటపడలేదు. గదిలో ఊదు వాసన, ఎండిన వేపాకు వాసన. వాటి అడుగున ఇంకో వాసన, తడి చెక్కది. అప్పుడే కడిగిన చెక్కది.

పైన గూళ్ళలో పావురాలు కువకువలాడుతున్నాయి. వాన మొదటి చినుకులు పెంకుల మీద పడ్డాయి.

బండి మీద కప్పే తాటాకు చాప ఒక్కటే ఉంది. వాన పెరిగితే సామానంతా పాడు. కమలాబాయి వంగి తన వైపు రెండు మూలలూ అందుకుంది.

"ఆపా, అయిందా? అటు నుంచి రా, కొస పట్టు" అని గట్టిగా పిలిచింది.

జవాబు రాలేదు. కానీ అటు చివర చాందినీ నేల మీద నుంచి లేచింది.

వసారా మీదుగా చుట్టి వచ్చిందన్నమాట. కమలాబాయికి ప్రాణం లేచి వచ్చింది. మసకలో తెల్లటి దుపట్టా అంచు ఒకటి కనిపించింది, అంతే. ఆమె కుడిచేతి మూలను ఎడమచేతి మూలకు కలిపింది. అటు కూడా కలిసింది.

గుంజింది.

అటు నుంచి వచ్చిన గుంజుకు ఆమె భుజాలు ముందుకు ఊగాయి. ఒక అడుగు తడబడింది.

"అబ్బ! ఇయాల ఏం తిన్నవు ఆపా?" అని నవ్వింది.

అటు నవ్వు లేదు.

రెండో మడత. మళ్ళీ గుంజు. గుడ్డ పటపటమంది, ఒక్క ముడత లేకుండా సాగింది. పదకొండేళ్ళలో ఇంత చక్కటి మడత పడలేదు. అలిసిన చేతులకు అవతల గట్టి చెయ్యి దొరికితే ఎంత హాయిగా ఉంటుందో అనుకుంది కమలాబాయి. అంతకు మించి ఏమీ అనుకోలేదు. అనుకోవలసింది అప్పుడే.

మూడో మడత. ఇక నడవాలి. ఆమె ఒక అడుగు వేసింది. అటు ఒక అడుగు పడింది. చప్పుడు లేదు. గుడ్డ వదులు కావడం వల్ల తెలిసింది.

"కిత్తే దినాం హుయే?"

గుసగుసలా వచ్చింది.

కమలాబాయికి విసుగు పుట్టింది. "చెప్పిన గద ఆపా. నలభై ఒకటి."

గుడ్డ ఒక్కసారి బిగుసుకుంది. వేళ్ళ సందుల్లో చర్మం మండేంత బిగువు. మళ్ళీ వదులయింది. ఒక అడుగు... ఇంకో అడుగు...

పావురాలు ఎప్పుడు ఆగిపోయాయో తెలియదు.

"కిత్తే దినాం హుయే?"

అప్పుడే దగ్గు వినిపించింది. హజీరా దగ్గు. పొగ పడక పదేళ్ళుగా దగ్గే ఆ దగ్గు, కమలాబాయి నిద్రలో కూడా గుర్తు పడుతుంది.

అది వెనక నుంచి వచ్చింది. పక్క గదిలోంచి.

కమలాబాయి కాళ్ళు ఆగిపోయాయి. చేతులు మాత్రం గుడ్డను వదలలేదు. వదిలితే... నేల మీద పడితే... ఏమవుతుంది? ఆమెకు తెలియదు. వదలకూడదని మాత్రం తెలుసు. ఆమె ఆగినా గుడ్డ వదులవుతూనే ఉంది. అటు నడక ఆగలేదు.

తడి చెక్క వాసన దగ్గరికొచ్చింది. శవానికి స్నానం చేయించే బల్ల వాసన.

ఆమె తల దించుకుంది. గుడ్డనే చూసింది. తెల్లటి గుడ్డ... దాని అవతల అంచు... ఆ అంచును పట్టుకున్న వేళ్ళు. చాలాసేపు నీళ్ళలో నానినట్టు ముడుచుకుపోయిన వేళ్ళు. గాజులు లేవు. రెండు బొటనవేళ్ళూ బాగున్నాయి.

చెవి పక్కనే, ఊపిరి లేని గొంతు...

"కిత్తే దినాం?"

"ముప్పయ్యేడు" అంది కమలాబాయి. "ముప్పయ్యేడే. తప్పయింది."

చల్లటి వేళ్ళు ఆమె గుప్పిట్లో రెండు కొసలు పెట్టాయి. ఒక్కొక్కటే. జాగ్రత్తగా. పెద్ద కోడలు చిన్న కోడలికి పని నేర్పినట్టు.

"ఎవలితోటి మాట్లాడుతున్నవ్?"

లాంతరు వెలుగు వెనక నుంచి వచ్చి హాలంతా పడింది. ఎదురుగా ఎవరూ లేరు. అటు తలుపుకు లోపల గొళ్ళెం వేసి ఉంది. హజీరా గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె చూపు కమలాబాయి మొహం మీద లేదు, చేతుల్లో ఉన్న మడత మీద ఉంది. ఒక్కరు పెట్టలేని మడత మీద.

"ముప్పయ్యేడు అన్నవు" అంది హజీరా మెల్లగా. "ఇన్న."

కమలాబాయి మడతను ఆమె వైపు చాపింది.

హజీరా లాంతరు కింద పెట్టి కొసలు అందుకుంది. ఇద్దరూ చాందినీ విప్పి, ఎక్కడిదక్కడ పరిచారు. ఆ తర్వాత హజీరా ఒక మూల కూర్చుని, కొంగు నెత్తి మీదికి లాక్కుంది.

"నువ్వు పో. నేను గీడనే ఉంట, బేస్తారం దాక. జలాల్ పెండ్లానికి నేను చెప్పుకుంట."

"ఆపా, గీ ఇంట్ల..."

"ఎవలో ఒకలు ఉండాలె గద. నీకేమో అలుపాయె." ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేదనిపించింది. "నీ బండి ఎక్కనని చెప్పిన. ఎక్క."

తిరుగు దారిలో వాన కుండపోతగా కురిసింది. శంకరయ్య రెండుసార్లు ఏదో హాస్యమాడి, ఆనక ఎద్దుల వైపు తిరిగాడు. మంగళవారం, బుధవారం కమలాబాయి కొన్న సామాను ముట్టలేదు. పక్కింటి తాళం కప్పను చూస్తూ కూర్చుంది. ముసలిదాన్ని అక్కడ తన వంతు కాపలాకు పెట్టి వచ్చింది. ఏమైనా అయితే ఎవరికి చెప్పుకోవాలి, ఏమని?

గురువారం తెల్లవారకముందే శంకరయ్యను లేపింది. ఆ దారి కుదుపులు ఆ రోజు తెలియనే లేదు.

హజీరా బాగానే ఉంది. వాకిట్లో కూర్చుని జలాల్ భార్యకు ఉల్లిగడ్డలు కోసి ఇస్తోంది. "ఏమైన అయిందా ఆపా?" అంటే, "ఏమైతది? మంచి మనిషే. జర గట్టి మనిషి" అంది. అంతకంటే చెప్పలేదు. ఫాతెహా అయింది. ఫాతెహా చదివి పంచిన తబర్రుక్ తిన్నారు. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక కిటికీల చెక్కలన్నీ తీయించింది హజీరా. హాలు నిండా ఎండ.

"రా. పట్టు" అంది.

చెరో కొస పట్టుకున్నారు. హజీరా ఎదురుగా, వెలుతురులో, నలిగిన బొటనవేలితో సహా. కమలాబాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మొదటి మడత. రెండో మడత. అటు గుంజు ఎప్పటిలాగే పిల్లి గుంజినట్టుంది. కమలాబాయికి చేతుల్లో సత్తువ లేదు, ఊరికే పట్టుకుని నిలబడింది.

మూడో మడతకు హజీరా ఒక అడుగు ముందుకు తూలి, నిలదొక్కుకుంది.

"గంత గట్టిగ గుంజుతవేంది ఇయాల?"

"నేను గుంజలే ఆపా."

హజీరా తల ఎత్తింది. కమలాబాయిని చూడలేదు. ఆమె భుజం మీదుగా, వెనకకు చూసింది. చాలాసేపు చూసింది.

"కొస కింద పెట్టు" అంది చివరికి. "మెల్లగ. తిరగకు. నా దిక్కే సూడు. నడువు."

చాందినీ అక్కడే వదిలేసి ఇద్దరూ ఎండలోకి వచ్చారు. హజీరా బండెక్కింది. ఎక్కి, కమలాబాయి పక్కనే కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుంది. అల్వాల్ దాకా వదల్లేదు.

కమలాబాయి ఆ పని ఇంకా చాలా ఏళ్ళు చేసింది. పెద్ద గుడ్డ ఏది కొన్నా మడవలేదు, వెదురు బొంగుకు చుట్టింది. మడత పడిన చోట పాత గుడ్డ చివుకుతుందని అడిగినవాళ్ళకు చెప్పేది. అది నిజమే. హజీరాకు మళ్ళీ అబద్ధం చెప్పలేదు.

ఆ రోజు నా వెనక ఏం చూశావని మాత్రం ఎప్పటికీ అడగకూడదని, బండిలో ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నప్పుడే అనుకుంది. అడగలేదు.