జాబితాలో ఒకే పేరు

ఉదయం పదకొండింటికి రాగెబ్ ట్రామ్ దిగాడు. రెండో కాలు నేల మీద పెట్టేలోపే చనిపోయాడు. గొడుగు పట్టుకున్న మనిషి ఒకడు దాని మొన గుచ్చుకునేలా అతన్ని రాసుకుంటూ వెళ్లాడని రొట్టెలమ్మే ఆవిడ చెప్పింది. ఆ రోజు అలెగ్జాండ్రియాలో వాన లేదు.

పన్నెండింటికి ఏజెంట్ జుహ్దీ తన పై అధికారి బహీగా హానిమ్, అంటే బహీగా అమ్మగారి, గదిలో నిలబడి ఉన్నాడు. ఆవిడ కూర్చోమనలేదు. ఆ గదిలో ఇరవై ఏళ్లుగా ఎవరినీ కూర్చోమనలేదు.

"నీ స్నేహితుడేగా?"

"స్నేహితుడా? పదేళ్లు ఒకే కాఫీ హోటల్లో కూర్చుని కంప్యూటర్ సిస్టమ్‌ల మీద తిట్టుకున్నాం హానిమ్. నాది లినక్స్. వాడిది ఓపెన్‌బీఎస్‌డీ."

"పెళ్లివాళ్లు ఇంటిపేర్లు చెప్పుకున్నట్టు చెబుతున్నావు. నోరు మూసుకుని విను. సరస్సు పక్క పేటలు సముద్రం కన్నా పల్లంలో ఉన్నాయి. నీళ్లు తోడే పంపులు ఆగితే తెల్లారేసరికి మంచాలు తేలతాయి. ఆ పంపుల్ని నడిపే కొత్త కంప్యూటర్లకు ఏ సిస్టమ్ మంచిదో తేల్చమని పంపుల కమిటీ రాగెబ్‌కి అప్పగించింది. లినక్స్, ఫ్రీబీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీ మూడూ పోల్చాడు."

"మూడూ యూనిక్స్ వంశమే. మూడింటి కోడూ ఎవరైనా చదవొచ్చు."

"గ్లోరెన్ అనే విదేశీ కంపెనీ తెచ్చిన లినక్స్ కాపీలో మాత్రం ఎవరూ చదవలేని దొడ్డిదారి ఉంది. దాంట్లోంచి దూరి పంపులు ఆపెయ్యొచ్చు. రాగెబ్ పట్టుకున్నాడు."

"తప్పు కంపెనీది. లినక్స్‌ది కాదు."

"శవం చల్లారలేదు, వాదన మొదలెట్టావు." ఆవిడ సిగరెట్ నలిపేసింది. "రిపోర్టు లాబ్‌లో అతని మెషీన్లో ఉంది. వేరే కాపీ లేదు. రెండింటికి గ్లోరెన్ ఒప్పందం మీద కమిటీ సంతకాలు. లోపల మన మనిషి షహీనాజ్. ఆమె దాన్ని ప్రింట్ తీసి కమిటీ ముందు పెడుతుంది. నువ్వు టీ ఇచ్చేవాడివి. ఆమెకి ఏమీ కాకుండా చూడు. 'చక్కెర ఎంత?' అని అడుగు. 'సముద్రమంత' అంటుంది. నీకిచ్చే ట్రే అడుగున ఉక్కు రేకు ఉంది. పారేసుకోకు."

"రాగెబ్ దగ్గర పచ్చ డైరీ ఉండాలి."

"జేబులో లేదు."

 రూట్ పాస్‌వర్డ్ ఆ డైరీలోనే ఉంటుంది. రూట్ అంటే మెషీన్‌కి రాజు. రిపోర్టును కమిటీలో ఎవరైనా చదవొచ్చు. రాగెబ్ పోయాక దాన్ని చెరపగలిగేది రాజు ఒక్కడే.

ఒంటిగంటా నలభై అయిదు. తెల్ల కోటు, అతికించిన మీసం, చేతిలో ట్రే. లాబ్‌లో షహీనాజ్ ఒక్కతే టెర్మినల్ ముందు కూర్చుని ఉంది. మెషీన్ పక్క గదిలో, ఇనుప తలుపు వెనక ఉంది. ఆమె కంటే ముందు ఆమె అత్తరు పలకరించింది.

"చక్కెర ఎంత, హానిమ్?"

"సముద్రమంత." ఆమె తల తిప్పలేదు.

జుహ్దీ గ్లాసు పెట్టడానికి వంగాడు. ఆమె ఒడిలో పచ్చ డైరీ తెరిచి ఉంది. పేజీల మధ్య, ఆనవాలుగా, నలిగిన ట్రామ్ టికెట్.

"మీసం ఊడుతోంది బాషా దొరా," అంది షహీనాజ్. ఇప్పుడు ఆమె చేతిలో చిన్న పిస్తోలు ఉంది. "ట్రే దించకు. అలాగే నిలబడు. బహీగా ముసల్దానికి నీకంటే పనికొచ్చేవాడు దొరకలేదా?"

"దొరికాడు. గ్లోరెన్ డబ్బు తిని వాణ్ణి పొద్దున ట్రామ్ దగ్గర చంపించావు."

ఆమె నవ్వింది. ఎడమ చేత్తో డైరీ చూస్తూ పాస్‌వర్డ్ కొట్టింది. స్క్రీన్ ఒప్పుకోలేదు. మళ్లీ కొట్టింది. మళ్లీ అదే. గోడవతల కమిటీ హాల్లోంచి ఏదో కీచుమని గీరిన చప్పుడు వచ్చింది.

"పాస్‌వర్డ్ కరెక్టే!" అంది పళ్లు కొరుకుతూ.

"కరెక్టే అయ్యుంటుంది. నువ్వు నేర్చుకున్నది లినక్స్. నాలాగే. అక్కడ రూట్ పాస్‌వర్డ్ తెలిస్తే చాలు, గాడిదైనా రాజైపోతుంది. ఈ మెషీన్లో రాగెబ్ పెట్టింది ఓపెన్‌బీఎస్‌డీ. బీఎస్‌డీ వాళ్లకి అది చాలదు. వీల్ అని ఒక జాబితా ఉంటుంది. అందులో పేరు లేనివాడు సరైన పాస్‌వర్డ్ చెప్పినా గుమ్మం దాటనివ్వరు. అనుమానప్పక్షులు. దీని గురించే పదేళ్లు వాడితో గొడవపడ్డాను."

"అయితే నేరుగా రూట్ పేరుతోనే లోపలికెళ్తా."

"ఈ టెర్మినల్ నుంచి కుదరదు. అదీ కట్టేశాడు. కుదురుతుందని పందెం కాసి నేనే రెండు కాఫీలు ఓడిపోయాను."

ఆమె మూడోసారి కొట్టింది, నాలుగోసారి కొట్టింది. నాలుగుసార్లూ హాల్లో కీచుమంది. గడియారం ఒంటిగంటా యాభై ఎనిమిది చూపిస్తోంది.

"జాబితాలో ఎవరున్నారు? పేరు చెప్పు! లాక్కొస్తాను."

"ఒక్కడే," అన్నాడు జుహ్దీ. "రాగెబ్. తాళంచెవి దొరికిందని తాళం తీసేవాణ్ణి చంపుకున్నారు."

షహీనాజ్ లేచింది. పిస్తోలు అతని గుండెకు గురిపెట్టింది. "పోనీ, నువ్వైనా చావు. సంతకాలయ్యేలోపు రిపోర్టు సంగతి కమిటీకి చెప్పేవాడు ఉండడు."

"ఆ కీచుమనేది ఏంటో అడగవా?"

తలుపు దభాలున తెరుచుకుంది. కమిటీ పెద్ద డాక్టర్ ఘత్తాస్ ఇద్దరు కాపలావాళ్లతో గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో చిల్లుల అంచుల కాగితం వేలాడుతోంది.

"షహీనాజ్ హానిమ్, రూట్ అవబోయి నాలుగుసార్లు తన్నులు తిన్నారని ఆ పాడు ప్రింటర్ మీ పేరు కొడుతోంది. మీకేం పని అక్కడ?"

ఆమె ట్రిగ్గర్ నొక్కింది. జుహ్దీ ట్రే అడ్డం పెట్టాడు. గుండు రేకులో ఇరుక్కుంది. వేడి టీ ఆమె మణికట్టు మీద పడింది. కాపలావాళ్లు ఆమె చేతులు వెనక్కి విరిచారు.

డిస్కు మీద రాసింది ఎవడైనా చెరుపుతాడు, కాగితం మీద కొట్టింది చెరపలేడు అనేవాడు రాగెబ్. అందుకే ప్రతి దొంగ ప్రయత్నాన్నీ పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌కి పంపేవాడు. దాని గోల పడలేక లాబ్ వాళ్లు దాన్ని కమిటీ హాల్లోకి నెట్టారు. జుహ్దీ దాన్ని చూసి నవ్వని వారం లేదు.

రాగెబ్ రిపోర్టు చూడమని టీ అతను చెబితే, ఘత్తాస్ తన పేరుతో లోపలికి వెళ్లి దాన్ని తెరిచాడు. నిలబడే పైకి చదివాడు. గ్లోరెన్ దొడ్డిదారి వివరంగా ఉంది. లినక్స్ ఎక్కడైనా నడుస్తుంది, కోడు రాసే చేతులు ఎక్కువ, దాన్ని వండే వంటగదులూ ఎక్కువ. ఫ్రీబీఎస్‌డీ ఒకే పొయ్యి మీద వండిన అన్నం, బరువులు బాగా మోస్తుంది. ఓపెన్‌బీఎస్‌డీ నెమ్మది, కోడల్ని నమ్మని అత్తగారు. పంపులకు అత్తగారే కావాలి.

"చివర్న ఇదేంటి?" ఘత్తాస్ కళ్లద్దాలు సర్దుకున్నాడు. "'జుహ్దీ అనేవాడొకడు దీనికి అడ్డం చెబుతాడు. వాడి మాట వినకండి.' ఎవరీ జుహ్దీ?"

టీ అతను పగిలిన గాజు ముక్కలు ఏరుతున్నాడు. 

"తెలీదు బాషా," అన్నాడు. "పదేళ్ల వాదన ఇవాళ ఓడిపోయినవాడెవడో."