ముందే చదివిన ఆట

దయామణి పేక కట్ట విప్పి, ముక్కలను పదేసి చొప్పున ఆరు వరసలు పరిచింది. ఆటగాడు ఇవాళ ఏ ముక్కలు తెస్తాడో ముందెరుక యంత్రం నిన్ననే రాసిపెట్టిన జాబితా ఎడమ పక్క పలక మీద ఉంది. పడవలు ఇరవై రెండు, గాలులు ఇరవై నాలుగు, చేపలు పద్నాలుగు. ఒక్కొక్క ముక్కనూ వేలితో తాకి, జాబితాలో దాని పేరు చూసి, మళ్ళీ ముక్కను చూసింది. అరవైకి అరవై. కట్టసాక్షి ఒకసారి చూస్తే చాలని నియమావళిలో ఉంది. దయామణి రెండుసార్లు చూస్తుంది.

"సరి," అని ముద్ర నొక్కింది.

గోడ మీద, ఎదురుగా కూర్చున్న ఆటగాడి పేరు పక్కన నూటికి తొంభై ఏడు అని వెలిగింది. అతను ఓడిపోతాడన్న ఎరుక అది. తల ఊపి, కట్ట సంచీలో వేసుకుని లేచాడు. అతన్ని ఓడించిన మనిషి పొద్దున్నే వచ్చి, కట్ట చూపించి, వెళ్ళిపోయింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడలేదు. ఎరుక తొంభై అయిదు దాటితే అది చదివేసిన ఆట. చదివేసిన ఆటను ఆడించరు.

ఒకప్పుడు కాకినాడ గాలివాటం పోటీలు నాలుగు రోజులు జరిగేవి. ఇప్పుడు సాయంత్రానికి హాలు ఊడ్చేస్తున్నారు. పాత మెయిన్ రోడ్డు మునిగిన చోట, నీళ్ళలో నిలబెట్టిన స్తంభాల మీద ఉంది ఆ హాలు. పోటు వచ్చినప్పుడు నేల కింద నీళ్ళు తడుతున్న చప్పుడు వినిపిస్తుంది. ఆటలు జరిగే రోజుల్లో ఆ చప్పుడు వినపడేది కాదు.

హాలు చూసుకునే కరీముల్లా టీ గ్లాసు తెచ్చి బల్ల చివర పెట్టాడు.

"దయమ్మగారూ, మీరిలా రెండేసిసార్లు చూత్తంటే మనం రేపటిక్కూడా తెమలమండి."

"ఒక్క ముక్క తేడా వస్తే జవాబు చెప్పేది ఎవరండీ?"

"తొమ్మిదేళ్ళలో ఒక్కటైనా వచ్చిందాండి?"

"రాలేదు."

"మరింకేంటండి!"

అదే తన భయమని దయామణి చెప్పలేదు. తొమ్మిదేళ్ళు రానిది ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. వచ్చిన రోజు తను టీ తాగుతూ ఉంటుంది. గ్లాసు దూరంగా జరిపి, తర్వాతి వాళ్ళను పిలిచింది.

ఒక్కొక్కరే రావాలని గుమ్మం దగ్గర బోర్డు ఉంది. అయినా ఇద్దరు పోట్లాడుకుంటూ కలిసే వచ్చారు. ముందున్న ఆవిడ నూకరత్నం, డెబ్భై రెండేళ్ళ మనిషి. కోరంగి లాంచీలో ముప్పై ఏళ్ళు టిక్కెట్లు కొట్టింది. ఇప్పటికీ నడవాలో నడిచేటప్పుడు ఎవరో దారికడ్డంగా కూర్చున్నట్టు చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుంటుంది. వెనకున్న లోవరాజు వంటమనిషి. నలభై ఆరేళ్ళుంటాయి. భుజాన పెద్ద సంచీ, మెడలో ఎగువ ఓడ బిళ్ళ.

దయామణి బిళ్ళ మీద గుర్తు చూసింది. శనిగ్రహం దాకా వెళ్ళే ఓడ అది. పోను అయిదేళ్ళు, అక్కడ ఒక ఏడాది, రాను అయిదేళ్ళు.

"ఎప్పుడు బాబూ ప్రయాణం?"

"ఇయ్యాలేనండి. అయిదింటికి రేవు గేటు మూసేత్తారు. అందుకే ఇద్దరం కలిసొచ్చేశామండి. మా ఇద్దరి మధ్యే కదండి ఆట, ఒక్కసారే చూసేయండి."

"పందొమ్మిదేళ్ళుగా నా చేతిలో ఓడిపోతన్నాడమ్మా," అంది నూకరత్నం. "అంత దూరం పోతే ఓటమి అంటదనుకుంటన్నాడు."

"నెగ్గడం మాట తర్వాతక్కా. తొమ్మిదేళ్ళయింది మనం ముక్క ముట్టుకుని. ఎప్పుడొచ్చినా చదివేశాం పొమ్మంటారు. ఎల్లేముందు ఒక్కాట, అంతే."

"ఇంటి దగ్గర ఆడుకోలేకపోయారా?" అంది దయామణి.

"ఆడదండి! బోటు మీద రమ్మన్నాను, మా ఇంటికి రమ్మన్నాను. సాక్షి లేనాట ఆట కాదంటది."

"కాదు మరి. రేపు శని మీద నిలబడి నూకరత్నాన్ని ఓడించానని నువ్వు చాటుకుంటే, కాదని చెప్పడానికి నేనక్కడుంటానేంట్రా?"

దయామణికి నవ్వొచ్చింది. నవ్వుతూనే గడియారం చూసింది. రెండూ ఇరవై. ఈ బల్ల మీద ఆట లేదంటే వీళ్ళకింక ఆట లేదు.

నూకరత్నం బల్ల మీదికి వంగి, గొంతు తగ్గించి, హాలంతా వినపడేలా చెప్పింది. "నువ్వేం బెంగెట్టుకోకమ్మా. పొద్దున్న లాంచీలో కట్ట మార్చేశాను. నాలుగు పీతలు కలిపాను. పీతలెవడైనా ఎట్టుకుంటాడా? సొంత వలే చింపేత్తాయి. మీ ముందెరుక తాతలొచ్చినా కనిపెట్టలేదు."

ఇద్దరూ సంచులు ముందుకు తోశారు. రెండూ ఒకే పాత చీర గుడ్డతో కుట్టినవి, నీలం మీద పసుపు చుక్కలు. ఆడిన మొదటి ఏడాది నూకరత్నమే కుట్టి, ఒకదాని మీద నూ అనీ ఇంకోదాని మీద లో అనీ దారంతో అక్షరాలు వేసింది. ఇప్పుడు రెండిటి మీదా సూది బెజ్జాలే మిగిలాయి.

దయామణి మామూలుగా ఒక కట్ట చూసి, సంచీలో పెట్టి, రెండోది తీస్తుంది. వెళ్ళిపోయేవాడి టైము తన చేతిలో అరిగిపోతోందన్న కంగారులో ఈసారి రెండూ పక్కపక్కనే పరిచింది. నూకరత్నం జాబితా చూసింది. చివరి వరసలో ఉంది: పీత, పీత, పీత, పీత.

"నాలుగూ రాసి ఉన్నాయమ్మా," అంది మెల్లగా.

నూకరత్నం పలక తనవైపు తిప్పుకుని చూసింది. "దీని దుంప తెగ! నా తిక్క కూడా దీనికి తెలుసా?"

లోవరాజు కట్ట కూడా అరవైకి అరవై కలిసింది. గోడ మీద ఇద్దరి పేర్లూ వెలిగాయి. నూకరత్నం నెగ్గుతుంది. ఎరుక తొంభై ఎనిమిది.

"పీతలెట్టుకుని కూడానా!" అన్నాడు లోవరాజు. భుజం మీది సంచీ పట్టీ సర్దుకున్నాడు. దాన్ని సర్దుకోవలసిన అవసరమేమీ లేదు.

ఆ చెయ్యి చూస్తూ దయామణి ముక్కలు పోగుచేసింది. పొద్దుటినించి తన బల్ల ముందు నుంచి నూట పదిమంది వెళ్ళారు. ఆట ఆడిన కాలంలో ఓడినవాళ్ళు ఎదుటివాళ్ళ ముక్కలు ఏరి, కట్ట కట్టి, చేతికిచ్చి వెళ్ళొస్తామనేవారు. ఇవాళ ఆ మాట ఒక్కరి నోటా రాలేదు. చెప్పడానికి ఎదురుగా ఎవరూ లేరు. ఆలోచిస్తూనే రెండు కట్టలూ రెండు సంచుల్లో పెట్టి, బల్ల మీద ముక్కలు చదివే గద్దెలు రెండుంటే, ఎవరి గద్దె మీద వారిది ఉంచింది. ఆఖరి ముద్రకు ముందు గద్దె మరోసారి చదువుతుంది. అది పేరుకే. ఎప్పుడూ అరవై అనే అంటుంది.

నూకరత్నం గద్దె తొమ్మిది అంది. లోవరాజు గద్దె కూడా తొమ్మిది అంది.

దయామణి రెండు గద్దెలనూ మార్చి మార్చి చూసింది. రెండు కట్టల్లోనూ ఒకేలా ఉండే ముక్కలు తొమ్మిది. ఆమె సంచులు మార్చేసింది. తొమ్మిదేళ్ళలో మొదటి పొరపాటు. అందులోనూ తన చేతులే చేసిన పొరపాటు.

పలక మీద రెండు మీటలు వెలిగాయి. తిరగచూడు. సరి.

తిరగచూడు నొక్కితే రెండు నిమిషాల పని. కట్టలు మార్చి పెడితే మళ్ళీ అరవై, మళ్ళీ తొంభై ఎనిమిది. వేలు ఆ మీట మీదికి వెళ్ళింది. వెళ్ళి, అక్కడే ఆగింది. గద్దె తేడా చెప్పినప్పుడు ఏం చెయ్యాలో నియమావళిలో ఒక పేరా ఉంది. ఎప్పుడూ పనికి రాలేదు గాని, దయామణికి అది నోటికి వచ్చు. కట్ట ఆటగాడికి చూపించి, తనదేనా అని అడగాలి. తనదేనంటే, సాక్షి సరి నొక్కితే, అది అతని కట్టే. సరి నొక్కినా మానినా సాక్షి ఇష్టమే.

మీట మీంచి వేలు తీసింది. సంచీ మూతి కొంచెం తెరిచి, పైముక్క కనపడేలా నూకరత్నం ముందు పెట్టింది.

"అమ్మా, ఈ కట్ట మీదేనా?"

నూకరత్నం చూసింది. పైన ఎర్ర తెరచాప పడవ. ఆవిడ జన్మలో ఎర్ర తెరచాప పెట్టుకోలేదు. ఆవిడ దయామణి మొహం చూసింది, గద్దె మీద తొమ్మిది చూసింది, లోవరాజు మెడలో బిళ్ళ చూసింది.

"నాదే," అంది. "నాది కాకపోతే మీ బాబుదా?"

దయామణి రెండో సంచీ తెరిచింది. "బాబూ, ఇది మీదేనా?"

లోవరాజు లోపలికి తొంగి చూశాడు. పీత కళ్ళు మిటకరించి అతన్నే చూస్తోంది.

"ఆయ్, నాదేనండి," అన్నాడు. "పీతలంటే నాకు ప్రాణమండి."

దయామణి సరి నొక్కింది. ఒక్కసారే నొక్కింది. నొక్కాక రెండోసారి చూడలేదు.

గోడ మీద తొంభై ఎనిమిది చెరిగిపోయింది. కాసేపు ఏమీ రాలేదు. నూకరత్నం తన కట్టతో వెయ్యి ఆటలు ఎలా ఆడిందో ముందెరుకకు తెలుసు. లోవరాజు కట్టతో ఆవిడ ఒక్క ఆటా ఆడలేదు. చివరికి, లోవరాజు నెగ్గుతాడన్న ఎరుక యాభై ఒకటి అని వెలిగింది.

కరీముల్లా పరుగెత్తుకొచ్చాడు. "ఏమైందండీ? యంత్రం చెడిందా?"

"అడిగాను. తమవేనన్నారు. సరి కొట్టాను," అంది దయామణి.

అతను రెండు సంచులూ చూశాడు, ముగ్గురి మొహాలూ చూశాడు. చాలాసేపు బుర్ర గోక్కున్నాడు. తర్వాత మైకు దగ్గరికి వెళ్ళి గొంతు సవరించుకున్నాడు.

"ఇందుమూలంగా తెలియజేయడమేమనగా... పదిహేడో బల్ల దగ్గర... ఆట ఉందండి!"

వెళ్ళిపోతున్నవాళ్ళు గుమ్మంలో ఆగారు. ఎవరో కుర్చీ లాగిన చప్పుడు. దాని వెనక ఇంకో ఇరవై కుర్చీలు.

లోవరాజు నూకరత్నం కట్ట కలిపాడు. నూకరత్నం లోవరాజు కట్ట కలిపింది. కోత కోసుకుని ఏడేసి ముక్కలు తీసుకున్నారు. ఎవరి పడవలు ఏడు ముందు ఒడ్డు చేరితే వాళ్ళది గెలుపు. ఆవిడ చేతిలో ముక్కలు విప్పి చూసుకుని అరిచినంత పని చేసింది.

"ఒరే లోవా, అన్నీ పడవలేంట్రా! గాలి లేకుండా పడవలు చేతుల్తో తోత్తావా? పందొమ్మిదేళ్ళుగా ఇదా నీ తెలివి?"

"నాకు పడవలిష్టమక్కా."

"ఇష్టమైతే గోడకి తగిలించుకో. కట్టలో ఎట్టుకుంటారా!"

జనం నవ్వారు. నూకరత్నం తిట్టుకుంటూనే ఒక పడవ దింపింది, రెండో పడవ దింపింది. లోవరాజుకు ఆవిడ గాలులు చేతికి వచ్చాయి. పైరగాలి, చిరుగాలి, తూర్పుగాలి. వంటింట్లో పోపు గింజలు వేసినట్టు ఒకదాని వెనక ఒకటి సరైన వేళకు వేశాడు. ఒక పీత వచ్చి అతని వల చింపింది. రెండో పీతను ఆవిడ వల మీదికి తోశాడు.

"అది నా పీతరా!"

"ఇప్పుడు నాది కదక్కా. సాక్షిగారే అన్నారు."

గోడ మీద అంకె యాభై నాలుగయింది, నలభై తొమ్మిదయింది, అరవై అయింది. ఇలా ఊగడం చూసి చాలా ఏళ్ళయిన జనం దానితో పాటు అటూ ఇటూ ఊగారు. మూడున్నరకు లోవరాజు పడవలు అయిదు ఒడ్డు చేరాయి. నూకరత్నానివి నాలుగే. ఆరోది చేరేసరికి అతని చెవులు ఎర్రబడ్డాయి. ఏడోది రేవు మొగలో, ఒడ్డుకి అడుగు దూరంలో ఉంది. ఒక్క గాలి చాలు.

అతను ముక్క తీశాడు. తీసి, చూసి, నుదురు ముడిచాడు.

"అక్కా, కట్టలో ఉక్కపోత ఎందుకెట్టుకున్నావు?"

ఉక్కపోత వేస్తే మూడు వంతులపాటు ఏ పడవా కదలదు, ఎవరిదీ. దానితో ఎవరూ నెగ్గరు. పోటీలకు వచ్చేవాళ్ళెవరూ దాన్ని కట్టలో ఉంచుకోరు.

"ఇది నా చేతికొచ్చిన మూడోది," అన్నాడు లోవరాజు. "మూడెందుకక్కా? ఇవి లేకపోతే ఇంకా తొందరగా నెగ్గేదానివి కదా?"

నూకరత్నం చేతిలో పడవలు సర్దుకుంది. వాటిని సర్దవలసిన పని లేదు.

"అదేరా. నువ్వు గబగబా ఓడిపోయి మూడింటి లాంచీకి ఎళ్ళిపోయేవోడివి. ఉక్కపోత ఏత్తే అయిదింటి లాంచీ దాకా కూర్చునేవోడివి."

నేల కింద పోటు తడుతోంది. దయామణి చూపు తిప్పుకోవలసి వచ్చి గోడ వైపు చూసింది. అక్కడ అంకె పెరుగుతోంది. ఎనభై, తొంభై, తొంభై తొమ్మిది. లోవరాజు నెగ్గుతాడు. అతని చేతిలో ఇంకో తూర్పుగాలి ఉందని ముందెరుకకు తెలుసు. పందొమ్మిదేళ్ళు ఓడినవాడు ఏం వేస్తాడో కూడా తెలుసు. కరీముల్లా అప్పుడే మైకు పట్టుకుని విజేత పేరు చదవడానికి ఊపిరి పీల్చుకున్నాడు.

"ఏత్తావా, చూత్తా కూచుంటావా?" అంది నూకరత్నం. "నీ ఓడ ఎల్లిపోద్ది."

"ఇంకా గంట పైనే ఉందక్కా."

లోవరాజు భుజాన సంచీ తీసి కింద పెట్టాడు. తూర్పుగాలిని చేతిలోనే ఉంచుకుని, ఉక్కపోత తీసి బల్ల మధ్య వేశాడు.

తొంభై తొమ్మిది ఆరిపోయింది. దాని చోట ఏ అంకే రాలేదు. వెనక వరసలో ఎవరో లేచి, పొద్దున తనను ఓడించిన మనిషి ఏ ఊళ్ళో ఉంటుందని కరీముల్లాను అడుగుతున్నారు. ఇంకెవరో మా ఆట కూడా ఆడించండి అంటున్నారు. కరీముల్లా మైకులో ఊపిరి వదిలాడు. దయామణి ఖాళీగా ఉన్న గోడను రెండుసార్లు చూసి, చల్లారిన టీ గ్లాసు దగ్గరికి లాక్కుంది.

నూకరత్నం కట్ట మీంచి ఒక ముక్క తీసుకుంది.