గాజు గోడ వెనక మాట

సోమవారం ఉదయం ఎనిమిదిన్నర. ఇంగ్లండులోని ఓల్డమ్‌లో వాన. నూలు మిల్లు స్టోర్‌రూమ్‌లో ఫొటోగ్రాఫర్ పెట్టె తెరిచి ఉంది. లోపలి గాజు నెగటివ్‌లలో ఒకటి మాయం.

డిటెక్టివ్ సార్జెంట్ పిల్లింగ్ మేనేజర్ ఆఫీసులో కుర్చీలో కూలబడ్డాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి నాలుగేళ్లయినా అతని ఒళ్లింకా తేరుకోలేదు.

"పోయింది ఏ ఫొటో?"

"మగ్గం దగ్గర నెల్లీ డక్‌వర్త్‌ది," అన్నాడు ఫొటోగ్రాఫర్ ఫెన్విక్. "వెనక గుమ్మంలో బొగ్గు బండి తోస్తున్న మనిషి కూడా పడ్డాడు. శుక్రవారం ఇక్కడే మేనేజర్ గారికి చూపించాను. లండన్ పత్రికల్లో వేసేది ఇదేనని చెప్పాను."

"ఇంకెవరు విన్నారు?"

"ఎవరూ లేరు. తలుపు వేసే ఉంది. బయట మగ్గాల మోత."

మేనేజర్ అందుకున్నాడు. "స్టోర్‌రూమ్ తాళంచెవి వాచ్‌మన్ కెర్షా దగ్గరుంటుంది. ఇంకెవడు తీస్తాడు? ఇవాళే పంపించేస్తున్నాను."

ముసలి కెర్షా టోపీ నలుపుతూ నిలబడ్డాడు. వచ్చే నెల రిటైర్ కావాల్సిన మనిషి. ఇప్పుడు గెంటేస్తే పెన్షన్ గల్లంతే.

"టీకెళ్లేటప్పుడు తాళంచెవి మేకుకు తగిలిస్తానయ్యా. మిల్లంతా ఎరిగిందే. ఆ గాజుముక్క నాకెందుకు, నంజుకోడానికా?"

పిల్లింగ్‌కు నవ్వే ఓపిక లేదు. దొంగ కెమెరా ముట్టుకోలేదు. ఖరీదైన లెన్సులూ అలాగే ఉన్నాయి. ఏ గాజు ప్లేటు కావాలో తెలిసే తీశారు.

అతను లేచి, ఆఫీసుకూ మగ్గాల షెడ్డుకూ మధ్యనున్న గాజు గోడ దగ్గర, షెడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఫెన్విక్ గారూ, ఆ ఫొటోకి ఇంకో కాపీ ఉందట. రేపే అచ్చవుతుందట."

గొంతు గుసగుసను దాటలేదు.

"కాపీయా? అదెక్కడిది?"

షెడ్డులో ఒక్క మగ్గం ఆగింది. నెల్లీది.

పిల్లింగ్ ఆమెను లోపలికి పిలిపించాడు.

"ఆ మోతలో మాట వినపడదు. అందుకే ఇక్కడి ఆడవాళ్లు పెదాలు చూసి మాట్లాడుకుంటారు. మా అమ్మా మగ్గాల మనిషే. ఆమె ఎదుట సణిగితే చెంప పగిలేది. శుక్రవారం మీరు తలుపు వేశారు గానీ ఫెన్విక్ గారూ, ఈ గాజు గోడ వైపే తిరిగి మాట్లాడారు. దానికెదురుగానే నెల్లీ మగ్గం." ఆమె వైపు తిరిగాడు. "ఆ బండి మనిషి ఎవరు తల్లీ?"

"మా తమ్ముడు, జో. సైన్యంలోంచి పారిపోయొచ్చాడు. పేపర్లో మొహం పడితే మిలటరీ పోలీసులొస్తారు. వాడికి రేషను పుస్తకం లేదు, అయిదేళ్లుగా నా ఒక్కదాని పుస్తకం మీదే ఇద్దరం బతుకుతున్నాం." ఆమె కెర్షా వైపు చూడలేకపోయింది. "బాబాయి మీదకొస్తుందనుకోలేదు సార్. ఆయన్ని వదిలేయండి. ప్లేటు పగలగొట్టి కాలవలో పారేసింది నేనే."

"ఇది చెప్తే తమ్ముణ్ణి పట్టిచ్చినట్టేగా?"

"తెలుసు."

పిల్లింగ్‌కు తన ఉద్యోగం మీద అసహ్యం వేసింది. అయినా బాయిలర్ పెరట్లోకి నడిచాడు.

అతన్ని చూడగానే జో బండి దించేశాడు. పారిపోయే ప్రయత్నం చేయలేదు. మనిషి ఎముకల గూడు.

"అక్క చెప్పిందా?"

"చెప్పింది. లేకపోతే ముసలాయన బలైపోయేవాడు."

జో తలూపి, మసిచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"పోనీలెండి సార్. ఇవాళ్టినుంచైనా అక్క కడుపు నిండా తింటుంది."