అంతా బాగుందండీ!

"ఆ గుడ్డల బకెట్ ఎక్కడ పెట్టావే?" మంచం మీంచి అమ్మ నీరసంగా అడిగింది.

"మంచం కిందకి తోసేశా. ఎవరికీ కనబడదులే!" అంది పిడుగు.

ఆ పిల్లకి బళ్ళో వేరే పేరు ఉంది కానీ, ఇంట్లోనూ వీధిలోనూ అందరికీ పిడుగే. చదివేది ఐదో తరగతి. పని మొదలుపెట్టిందంటే ఇక ఆపేవాళ్ళు లేరు. పొద్దుటి నుంచీ ఇల్లంతా బొంగరంలా తిరుగుతోంది. తడి గుడ్డలు బీరువాలోకి, ఎంగిలి పళ్ళేలు బల్ల వెనక్కి మాయమైపోతున్నాయి. పై వాటాలో ఉండే అక్క దగ్గర పూల దుప్పటి అరువు తెచ్చి మంచం మీద పరిచేసింది. పాపం, ఆ అక్క నిండు నెలల మనిషి. పిడుగు హడావుడి చూసి నవ్వుతూనే ఇచ్చింది.

ఇంతకీ ఈ హడావుడంతా ఎందుకంటే, ఆ మధ్యాహ్నం నర్సమ్మ వస్తోంది. కడుపుతో ఉన్నవాళ్ళనీ, బాలింతలనీ ఇంటికే వచ్చి చూసివెళ్ళే నర్సమ్మ. పిడుగుకి తమ్ముడు పుట్టి ఇంకా రెండు వారాలు కాలేదు.

చూడ్డానికి వస్తున్నారంటే పిడుగుకి తెలిసిన అర్థం ఒక్కటే, ఇన్‌స్పెక్షన్! పోయిన నెలే బళ్ళో జరిగింది. విరిగిన బల్లలన్నీ మెట్ల కింద దాచి పైన పరదా కప్పారు. కారే కుళాయికి గుడ్డ కట్టారు. "ఎవరేమడిగినా అంతా బాగుందండీ అనాలి, తెలిసిందా?" అని టీచరు ముందురోజే నేర్పింది. ఆ మాట అందరికంటే గట్టిగా అన్నది మన పిడుగే.

ఇల్లు ఇలా ఉంటే నర్సమ్మ తక్కువ మార్కులు వేస్తుందేమో! అమ్మకి పిల్లల్ని పెంచడం రాదని తమ్ముణ్ణి తీసుకుపోతే? ఆ ఆలోచన రాగానే పిడుగు అమ్మ దగ్గరికి పరిగెత్తింది.

"అమ్మా, నువ్వేం మాట్లాడకు. అన్నీ నేను చూసుకుంటా."

తలుపు చప్పుడైంది. భుజాన పెద్ద సంచీతో, దుమ్ము పట్టిన చెప్పులతో నర్సమ్మ వచ్చింది.

"ఏమ్మా, ఒళ్ళెలా ఉంది?"

"అంతా బాగుందండీ!" అమ్మ నోరు తెరవకముందే పిడుగు అనేసింది.

"బాబు పాలు బాగా తాగుతున్నాడా?"

"అంతా బాగుందండీ!"

నర్సమ్మ నవ్వింది. "నిన్ను కాదు అమ్మడూ, మీ అమ్మని అడుగుతున్నా."

అమ్మ కూతురి వైపు చూసింది. తళతళలాడుతున్న గదిని చూసింది. తల దించుకుంది. "బాగానే ఉందండీ."

"బాబుని ఓసారి తూకం వేద్దామా?"

"ఇప్పుడే పడుకున్నాడండీ!" అంది పిడుగు.

నర్సమ్మ అమ్మ ముఖంలోకి కాసేపు చూసింది. "సరే. వీధి చివర ఇంకో ఇల్లు చూడాలి. చూసుకుని మళ్ళీ వస్తా. ఈలోపు ఏదైనా ఉంటే పిలవండి."

ఆవిడ మెట్లు దిగగానే పిడుగు ఎగిరి గంతేసింది. "అమ్మా! పాసైపోయాం!"

అమ్మ నవ్వలేదు. చంటాడు లేచి గుక్కపట్టి ఏడ్చాడు. అమ్మ వాడికి పాలు పట్టబోయి, పెదవి కొరుక్కుంది. కళ్ళలోంచి నీళ్ళు జలజలా రాలాయి.

"ఏమైందమ్మా?"

"నొప్పే. పాలు పట్టిన ప్రతిసారీ ప్రాణం పోతోంది. వాడికేమో కడుపు నిండట్లేదు. ఆవిణ్ణి అడుగుదామని పొద్దుటి నుంచీ ఎదురుచూశానే! తీరా వచ్చాక... ఇల్లు అద్దంలా పెట్టుకుని, నాకు చేతకావట్లేదని ఎలా చెప్పను?"

పిడుగుకి బళ్ళో మెట్ల కింద దాచిన బల్లలు గుర్తొచ్చాయి. అవి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. వాటిని బాగుచేయించినవాళ్ళు లేరు. ముగ్గురు పట్టే బల్ల మీద నాలుగోదానిగా పిడుగు ఇప్పటికీ ఇరుక్కునే కూర్చుంటోంది. దాచింది ఎవరికి కనబడుతుంది?

చెప్పులైనా వేసుకోకుండా పరుగు తీసింది. వీధి చివర గేటు తీస్తున్న నర్సమ్మ కనబడగానే గొంతు చించుకుని అరిచింది.

"నర్సమ్మగారూ! అంతా బాగోలేదండీ!"

వీధిలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. చూస్తే చూడనీ అనుకుంది పిడుగు.

ఇంటికి రాగానే బీరువా తలుపు తనే తీసింది. తడి గుడ్డలు దభీమని కాళ్ళ మీద పడ్డాయి. "మంచం కింద ఇంకా ఉన్నాయండీ," అంది తల దించుకుని. "మార్కులు తగ్గిస్తారా? తమ్ముణ్ణి తీసుకుపోతారా?"

"ఓసి పిచ్చిపిల్లా!" నర్సమ్మ పకపకా నవ్వింది. "చంటిపిల్లాడున్న ఇల్లు ఇంత నీటుగా ఉంటే నాకే అనుమానం వచ్చింది. నేను వచ్చింది ఇల్లు చూడ్డానికి కాదు తల్లీ, మీ అమ్మకి సాయం చెయ్యడానికి."

ఆవిడ అమ్మ పక్కన కూర్చుంది. వీపు వెనక దిండు పెట్టింది. బాబుని పూర్తిగా అమ్మ వైపు తిప్పించింది. "తొందరపడకు. వాడు నోరు బాగా తెరవనీ. ఆఁ, ఇప్పుడు దగ్గరికి తీసుకో."

గుటక. ఇంకో గుటక. బిగుసుకున్న అమ్మ భుజాలు మెల్లగా కిందికి దిగాయి. "నొప్పి చాలా తగ్గిందండీ!" అంది నమ్మలేనట్టు.

ఆ తర్వాత అమ్మ ఆగకుండా మాట్లాడింది. నిద్ర లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం, అన్నీ చెప్పేసింది. "కొత్తలో చాలామందికి ఇలాగే ఉంటుందమ్మా. తగ్గకపోతే మాత్రం దాచుకోకు, డాక్టరు దగ్గరికి వెళదాం," అంది నర్సమ్మ. బాబుని తూచి, బరువు కాస్త తక్కువుందనీ, త్వరలోనే మళ్ళీ వచ్చి చూస్తాననీ చెప్పింది. పాలు తాగాక బాబుని భుజాన వేసుకుని తేన్పు తెప్పించే పని, సాయంత్రం ఇంటికి రాగానే, ఇకనుంచి నాన్నదేనని తేల్చేసింది.

మరుసటి వారానికి చంటాడి బుగ్గలు పూరీల్లా పొంగాయి. పిడుగు పూల దుప్పటి తిరిగి ఇవ్వడానికి పై వాటాకి వెళ్ళింది. అక్క అంత పొట్టతోనూ వంగి, ఆయాసపడుతూ చిమ్ముతోంది.

"ఇవాళ నర్సమ్మ నా దగ్గరికి వస్తోందే. ఇల్లు చూస్తే ఏమనుకుంటుందో ఏమో! ఆ దుప్పటి ఇలా ఇవ్వు, పరుస్తా."

పిడుగు దుప్పటి ఇవ్వలేదు. అక్క చేతిలోని చీపురు లాక్కుంది. అక్కని కుర్చీలో కూర్చోబెట్టి, వీధి తలుపు బార్లా తెరిచింది. గదిలో బట్టల కుప్ప ఎక్కడిదక్కడే ఉంది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది.

"ఏమ్మా, ఎలా ఉన్నావు?"

"అంతా బా..." అనబోయింది అక్క.

పిడుగు గట్టిగా దగ్గింది.

అక్క పిడుగు వైపు చూసి, నర్సమ్మ వైపు తిరిగింది. "కాళ్ళు బాగా వాస్తున్నాయండీ. భయంగా ఉంది."

నర్సమ్మ సంచీ కింద పెట్టి అక్క ఎదురుగా కూర్చుంది. పిడుగు చీపురుని వీపు వెనక దాచుకుని, తలుపు మూయకుండా, మెల్లగా మెట్లు దిగింది.