వినోద ఆయాసం

“ఏం తింటవమ్మా నువ్వు?” అని అడిగాడు డాక్టరు.

వినోద బిక్కమొహం వేసింది. రావల్కోల్ నుంచి మేడ్చల్‌లో ఎస్‌టీడీ బూత్ పక్కనున్న దవాఖానకు అమ్మ ఆమెను తీసుకొచ్చింది దగ్గు కోసం. నాలుగడుగులు ఉరికితే చాలు, ఆయాసం.

అమ్మ చెప్తూనే ఉంది. డాక్టరు వినోదను పైనుంచి కిందికి చూశాడు. “లావుంటే ఆయాసం రాదా? అన్నం తగ్గించండి. రోజూ ఉరికించండి,” అన్నాడు. మెడలో ఉన్న స్టెతస్కోపు మెడలోనే ఉంది.

వినోదకు ఏమీ అర్థం కాలేదు. క్లాసులో హర్షిత గడ్డిపోచలా ఉంటుంది. ఆమెకు దగ్గొస్తే ఇదే డాక్టరు వీపు మీద స్టెతస్కోపు పెట్టి చూశాడట. లావు పిల్లల దగ్గు వేరా?

అయినా డాక్టరు చెప్పాడు కదా! అన్నం సగం వదిలేసేది. పొద్దున్నే ఊరి బాట మీద ఉరికేది. ఉరికినకొద్దీ ఛాతీ బిగుసుకుపోయేది.

“ఎట్లున్నది బిడ్డా?” అని అమ్మ అడిగితే, “మంచిగున్న,” అనేది. తప్పు తనదైతే ఇంక చెప్పేదేముంది?

ఒకరోజు బాట మీదే కూలబడింది. అమ్మ ఆటోలో శామీర్‌పేటకు తీసుకెళ్లింది. అక్కడ పద్మలత డాక్టరమ్మ, “ఏమైంది?” అని అడిగింది.

“లావున్న మేడమ్,” అంది వినోద రొప్పుతూ.

“అది కాదు. నీకు ఎట్లున్నది?”

ఆ మాట మేడ్చల్ డాక్టరు అడగనే లేదు మరి. వినోద ఛాతీ మీద చెయ్యి పెట్టుకుంది. “గాలి లోపలికి పోతలేదు.”

డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి వింది. “పిల్లికూతలు వస్తున్నయి. ఇది ఉబ్బసం. సన్నోళ్లకూ వస్తది, లావోళ్లకూ వస్తది. ఇన్నిరోజులు ఎందుకు ఆగిన్రు?”

“బాగైందనుకున్న మేడమ్,” అంది అమ్మ కళ్లు తుడుచుకుంటూ. వినోద తల దించుకుంది.

డాక్టరమ్మ పీల్చే మందు ఇచ్చింది. కాసేపటికి ఊపిరి తేలికైంది.

వారం తర్వాత బడిలో పరుగు. సగంలోనే వినోద ఛాతీలో కూత మొదలైంది.

“ఆగకు వినోదా! అందరికన్నా నువ్వే ఎక్కువ ఉరకాలె!” అని అరిచాడు పీటీ సారు బాలరాజు.

సారు మాట వినాలా, ఛాతీ మాట వినాలా? పిల్లలందరూ ఇటే చూస్తున్నారు.

వినోద ఆగింది.

“సార్, నాకు ఉబ్బసం. ఊపిరి ఆడుతలేదు. మందు పీల్చుకోవాలె.”

సారు ఏదో అనబోయాడు. వినోద అప్పటికే వరండా మెట్టు మీద కూర్చుని మందు బయటికి తీసింది.