మూడు శాతం మిగిలిన బండి

మా అల్లుడు కొన్న కరెంటు బండి ఆదివారం పొద్దున వాకిట్లో నిలబడి ఉంది. బండి అనకూడదట, చక్రాల మీద ఇల్లట. లోపల రెండు మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, ఒక మడత బల్ల. కదలకుండా ఒకచోట ఉండడమే ఇంటి గొప్పతనమని ఈ మనిషికి ఎవరూ చెప్పినట్టు లేదు.

"పొగ ఉండదు, చప్పుడు ఉండదు అత్తయ్యా. ఒక్కసారి చార్జ్ చేస్తే నాలుగు వందల కిలోమీటర్లు. ఇక ముందు కాలమంతా వీటిదే," అన్నాడు.

"అమ్మినవాడు కూడా ఇలాగే నవ్వుతూ చెప్పాడా?" అన్నాను.

ముగ్గురం వెళ్ళాం. నేను, అల్లుడు, ఏడేళ్ళ మనవరాలు. నాకు గుర్తున్నంతవరకు అంతే. అయితే నా గుర్తు మీద నాకే నమ్మకం తక్కువ. ఈ ఏడాది రెండుసార్లు పొయ్యి ఆర్పడం మర్చిపోయాను. ఇంకొక్కసారి అలా జరిగితే వృద్ధుల హోమ్‌లో చేర్పిస్తానని అల్లుడు తేల్చి చెప్పాడు. అప్పటినుంచి ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. ఏది జరిగితే అది అక్కడికక్కడే రాసుకుంటాను.

ఆ రోజు నాకో పని కూడా దొరికింది. ప్రతి పది కిలోమీటర్లకీ స్టీరింగ్ పక్కనున్న తెర మీద చార్జింగ్ ఎంతుందో రాయడం. నా బుర్ర ఇంకా పనిచేస్తోందని చూపించాలి కదా, శ్రద్ధగా రాశాను. కొండదారి మొదలయ్యాక బండి పైకి, అంకెలు కిందికి. ఎనభై. అరవై రెండు. ముప్పై ఎనిమిది. అల్లుడు ముందు ఏసీ ఆపాడు, తర్వాత ఫ్రిజ్ ఆపాడు, చివరికి మాట్లాడడం ఆపాడు. ఆ చివరిది మొదటే ఆపి ఉండాల్సింది.

పైన సరస్సు పక్కన ఇలాంటి బళ్ళు నిలుపుకునే మైదానం. అక్కడ చార్జింగ్ స్తంభం ఉందని ఫోన్ చెప్పింది. ఉంది. లోపలి తీగలు మాత్రం ఎవరో పీక్కుపోయారు. ఇంకో బండి లేదు, మనిషి అలికిడి లేదు. తెర మీద మూడు శాతం.

"పొద్దున్నే ఎండొస్తుంది. పైన సోలార్ పలకలున్నాయిగా," అన్నాడు అల్లుడు, నా మొహం చూడకుండా.

"ఎండ కోసం కూర్చోవడానికి ఇంత దూరం రావాలా? మన డాబా ఏం పాపం చేసింది?"

చీకటి పడింది. నీళ్ళ మీంచి మంచు పాక్కుంటూ వచ్చి అద్దాలకి అంటుకుంది. కుళ్ళిన ఆకుల వాసన. తడిసిన ఇనుము వాసన. దీపాలన్నీ ఆర్పేశాం. తెర ఒక్కటే నీలంగా వెలుగుతోంది. చప్పుడు లేని బండి అని మురిసిపోయాడే, ఆ నిశ్శబ్దంలో నా ఊపిరి నాకే వినిపిస్తోంది.

అప్పుడు ఇంకో ఊపిరి వినిపించింది... వెనక మంచం మీంచి. నెమ్మదిగా. నిద్రపోతున్న మనిషిది.

మనవరాలు నా ఒళ్ళోనే ఉంది. అల్లుడు ముందు సీట్లో ఉన్నాడు.

నేల కింద టక్‌మని చప్పుడు.

"అమ్మమ్మా," గుసగుసలాడింది మనవరాలు. "అంకె మారింది."

నాలుగు. ఏడు. పదకొండు... చార్జింగ్ కేబుల్ చుట్టింది చుట్టినట్టే నా కాళ్ళ దగ్గర ఉంది. అంకె పెరిగినకొద్దీ ఆ ఊపిరి సన్నబడింది. ఒక్కసారి ఏదో అనబోయినట్టు... "అమ్..." ఆగిపోయింది.

యాభై రెండు.

వెనక్కి చెయ్యి చాచి తడిమాను. ఎవరూ లేరు. పరుపు వెచ్చగా ఉంది.

"చూశారా అత్తయ్యా!" అల్లుడు స్టీరింగ్ మీద దరువేశాడు. "తనంతట తనే చార్జ్ అయింది!" ఎలా అయిందన్న అనుమానం ఆ బుర్రలోకి రానే లేదు. ఇలాంటివాళ్ళని చూసుకునే ఇలాంటి బళ్ళు తయారుచేస్తారు. రాత్రి భోజనాల వేళకి ఇల్లు చేరాం. తెర మీద మళ్ళీ మూడు.

మర్నాడు పొద్దున నోట్‌బుక్ తెరిచాను. అన్నీ నా చేతిరాతే.

"నలుగురం బయల్దేరాం."

"ముప్పై ఎనిమిది. మలుపులకి మా అమ్మాయికి కళ్ళు తిరిగాయి. వెనక మంచం మీద పడుకోబెట్టాను."

"మూడు. అమ్మాయి ఇంకా నిద్రలోనే ఉంది."

నాకు కూతుళ్ళు లేరు.

"నిన్న మనం ఎంతమందిమి వెళ్ళాం బాబూ?" అని అడిగాను.

"ముగ్గురమే కదా. మళ్ళీ మర్చిపోయారా?" అల్లుడి చెయ్యి ఫోన్ మీదికి వెళ్ళింది.

"మర్చిపోవడమేంటి? ఊరికే అడిగాను," అన్నాను. నా గది, నా మంచం పోకుండా ఉండడానికి ఆ మాటన్నాను. అతను సరేనని పనికి వెళ్ళిపోయాడు. ప్లగ్గు పెట్టలేదు. పెట్టక్కర్లేదట, బండే చూసుకుంటుందట.

అతను నన్ను అత్తయ్యా అంటాడు. చిన్నది అమ్మమ్మా అంటుంది. నాకు కూతురే లేకపోతే దానికి నేను అమ్మమ్మని ఎలా అయ్యాను?

ఇందాక ఇది రాస్తుంటే వాకిట్లోంచి చిన్నదాని గొంతు వినిపించింది. బండి లోపలి నుంచి.

"అమ్మమ్మా! వెనక మంచం ఎంత వెచ్చగా ఉందో! కాసేపు పడుకుంటా."

కిటికీ దగ్గరికి పరిగెత్తాను. పేరు పెట్టి గట్టిగా పిలవాలి. నోరు తెరిచాను. దాని పేరు...

వాకిట్లో టక్‌మని చప్పుడైంది.